పద్నాలుగో నంబరు స్థలంలో నీళ్ళ దొంగ

శనివారం పొద్దున రోలాండ్ వంటింటి బల్ల మీద ఉత్తర స్వీడన్ పటం పరిచి, అది చుట్టుకుపోకుండా ఒక మూల ఉప్పు డబ్బా, ఇంకో మూల తన మోచెయ్యి పెట్టాడు. సుండ్స్‌వాల్ నుంచి యోక్‌మోక్ శీతకాలపు సంత దాదాపు ఆరువందల కిలోమీటర్లు. మధ్యలో రెండు మజిలీలు. ఆ మజిలీలను అతను పదకొండేళ్ళుగా గీస్తూ, చెరుపుతూ, మళ్ళీ గీస్తూ ఉన్నాడు. పదవీ విరమణ అయిన నెలలోనే వంటా పడకా లోపలే ఉండే ఒక పాత క్యాంపర్ వ్యాన్ కొన్నాడు. అది ఇప్పుడు కింద భవనం పెరట్లో, బండ్లు నిలిపే పద్నాలుగో నంబరు స్థలంలో, మంచు టోపీ పెట్టుకుని నిలబడి ఉంది.

బండి కొనడానికి అసలు కారణం గునిల్లా. గత తొమ్మిది ఫిబ్రవరి నెలలూ ఆవిడ తన అక్క లిల్లెమోర్‌తో కానరీ దీవుల ఎండకు వెళ్ళిపోతే, రోలాండ్ ఒక్కడే ఇంట్లో పటం ముందేసుకుని కూర్చున్నాడు. ఈ ఏడు భార్య పక్క సీటులో ఉండాలన్నది అతని కోరిక. ఆ మాట ఆమెతో మాత్రం అనలేదు. అది నోటితో చెప్పవలసిన సంగతి అని అతనికి తోచనే లేదు.

"చూడు, నాదొకటే షరతు," అంది గునిల్లా. "మూడు పొద్దులు నేను కిందికి దిగుతాను. బండిలో కుళాయి తిప్పితే నీళ్ళు రావాలి. ఆ నీళ్ళతో నువ్వు నాకు కాఫీ పెట్టివ్వాలి. మూడు రోజుల్లో ఒక్కసారి కాఫీ వచ్చినా చాలు, నేనూ వస్తాను."

"రాకపోతే?"

"లిల్లెమోర్ బుధవారం దాకా నా టికెట్టు పట్టి ఉంచింది. అక్కడ కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి."

రోలాండ్ ఆ రోజంతా నడుం వంచాడు. బట్టలుతికే గదిలోని కుళాయి దగ్గర పది లీటర్ల డబ్బా నింపుకుని, ఏడుసార్లు పెరడు దాటి, బండి తొట్టి నింపాడు. రాత్రి చలికి ఇంజను బిగుసుకుపోకుండా అక్కడ ప్రతి స్థలానికీ ఒక కరెంటు గుంజ, దానికొక టైమరు ఉంటాయి. బండి లోపలి హీటరును ఆ గుంజకు తగిలించి, ముప్ఫై ఏళ్ళుగా తన కారుకు పెట్టుకున్నట్టే, తెల్లవారుజామున అయిదు నుంచి ఏడు దాకా టైమరు తిప్పాడు. పొద్దున్నే ఒత్తిడి సిద్ధంగా ఉంటుందని నీళ్ళ పంపు స్విచ్ కూడా వేసి, చేతులు దులుపుకుని పైకి వచ్చాడు.

ఆదివారం ఎనిమిదింటికి గునిల్లా తన కప్పు తనే పట్టుకుని దిగింది. బండి లోపల వెచ్చగా ఉంది. రోలాండ్ పెళ్ళికొడుకులా కుళాయి తిప్పాడు. కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది. తొట్టి మూత తీసి చూస్తే అడుగు పొడిగా ఉంది. కిందికి వంగి చూస్తే బండి అంత మేర నున్నటి మంచు పలక.

"కాఫీ?" అంది గునిల్లా.

"నీళ్ళు దొంగిలించారు."

"నీళ్ళా? రోలాండ్, మన ఊళ్ళో నీళ్ళు దొంగిలించేవాడు ఏం చేసుకుంటాడు, అమ్ముకుంటాడా?"

"దొంగిలించడమంటే తీసుకెళ్ళడం కాదు. కావాలని పారబోశారు. ఇది పగ."

రోలాండ్ ముప్ఫై ఆరేళ్ళు బీమా కంపెనీలో నష్టపరిహారం అర్జీలు పరిశీలించిన మనిషి. ఎవరైనా "ప్రమాదం" అంటే చాలు, అతని కనుబొమ్మ దానంతటదే లేచేది. ఇప్పుడది లేచి రెండో అంతస్తు కిటికీ దగ్గర ఆగింది. అక్కడ డెబ్భై ఆరేళ్ళ బిర్గిట్టా, రోజూ కూర్చున్నట్టే, కిటికీలో దీపం పక్కన కూర్చుని కిందికి చూస్తోంది. నవంబరులో బండి వచ్చిన రోజునే ఆవిడ మెట్ల మీద ఆపి, "దాని ఎత్తెంత?" అని ఆరా తీసింది. అప్పటి నుంచి ఆ కళ్ళు బండిని వదల్లేదు.

"ఆవిడే," అన్నాడు రోలాండ్. "కిటికీకి అడ్డమొచ్చిందని."

"ఆవిడకి తుంటి మార్చి ఏడాది కాలేదు. బండి కిందికి పాక్కుంటూ వచ్చిందంటావా?"

"కొత్త తుంటి," అన్నాడు రోలాండ్ అర్థవంతంగా.

అద్దం తుడిచే పుల్ల కింద మడిచిన చీటీ ఒకటి కనిపించింది. "ప్రియమైన పొరుగువారికి" అని మొదలైంది. ఆ భవనంలో ఒకరి తలుపు ఒకరు తట్టడం మర్యాద కాదు. ఏదైనా అనాలనుకుంటే చీటీ రాసి పెట్టడమే. బట్టల యంత్రంలో మిగిలిన నూలు దగ్గర నుంచి మెట్ల మీద పెట్టిన బూట్ల దాకా అన్ని తగాదాలూ ఆ రెండు మాటలతోనే మొదలవుతాయి. రోలాండ్‌కు ఆ రెండు మాటలే చాలు. మిగతాది చదవకుండా జేబులో కుక్కేశాడు. వెంటనే పైకెళ్ళి తన చీటీ తాను రాసి, పెరటి గుమ్మం పక్కనున్న నోటీసు బోర్డుకు గుచ్చాడు: "ప్రియమైన పొరుగువారికి. పద్నాలుగో నంబరు బండి జోలికి వస్తున్నదెవరో మాకు తెలుసు."

ఆ మధ్యాహ్నం మళ్ళీ ఏడు డబ్బాలు మోశాడు. ఈసారి తొట్టి మూత చుట్టూ మూడు వరసలు టేపు చుట్టి, దాని మీద సంతకం చేశాడు. పంపు స్విచ్ వేసి, సంతృప్తిగా మెట్లెక్కాడు.

సోమవారం సంతకం చెక్కుచెదరలేదు. తొట్టిలో చుక్క లేదు. మంచు పలక పదమూడో నంబరు స్థలం దాకా పెరిగింది. భవన సంఘం అధ్యక్షుడు కెన్నెత్ పత్రికలు తెచ్చుకోవడానికి వస్తూ దాని మీద అడుగేసి, చేతులు గాలిలో ఆడించి, చెత్తడబ్బాను కౌగిలించుకుని ఆగాడు.

"రోలాండ్ గారూ, ఈ మంచు ఎవరిదండీ?"

"నేనూ అదే అడుగుతున్నా."

"మీ బండి కింద ఉన్నది మీది కాదంటే ఎట్లాగండీ? నిజం చెప్పండి, గిన్నెలు కడిగిన నీళ్ళు ఇక్కడే వదిలేస్తున్నారా? నియమావళిలో ఉందది."

"నేనా! నా నీళ్ళే పోతుంటే!"

"అలాగా," అన్నాడు కెన్నెత్. ఇసుక బకెట్టు తెచ్చి పదమూడో నంబరు వైపు జాగ్రత్తగా చల్లాడు. పద్నాలుగో నంబరు యజమాని బాధ్యత అని పుస్తకంలో రాసుకున్నాడు. ముప్ఫై ఆరేళ్ళు ఇతరులతో "అలాగా" అన్న రోలాండ్‌కు అది తన మీద వాడితే ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

ఇంటికొచ్చేసరికి గునిల్లా వంటింట్లో ఇటు వీపు పెట్టి నిలబడి ఉంది.

"ఒకటి అడుగుతాను, నీళ్ళు నమలకుండా చెప్పు. ఆ నీళ్ళు పారబోస్తున్నది నువ్వేనా?"

"నేనెందుకు పారబోస్తాను?" అన్నాడు రోలాండ్.

"మూత నువ్వే వేస్తావు, టేపు నువ్వే వేస్తావు, తాళం నీ దగ్గరే ఉంటుంది. నీళ్ళు మాత్రం మాయమవుతాయి. నేను రావడం ఇష్టం లేకపోతే నోరు విప్పి చెప్పొచ్చుగా. ఇంత దొంగ నాటకం ఎందుకు?"

ఆమె ఇటు తిరిగింది. అప్పుడైనా చెప్పవలసిన మాట చెప్పాల్సింది. కానీ అతనికి ఎదురుగా భార్య కనిపించలేదు, కేసు కనిపించింది. "రుజువు చేస్తాను," అన్నాడు.

తలుపు సందులోంచి ఎవరో వేసి వెళ్ళిన రెండో చీటీ చాప మీద పడి ఉంది. "ప్రియమైన పొరుగువారికి." అది కూడా జేబులోకి పోయింది. రోలాండ్ బోర్డు మీద తన రెండో చీటీ పెట్టాడు: "ఇది ఆఖరి హెచ్చరిక. ఇక దొరికినవారి సంగతి నేరుగా తేల్చుకుంటాం."

తరవాత కిందికెళ్ళి ఏడు డబ్బాల నీళ్ళు పోసి, వాటి వెనక నాలుగు సీసాల ఎర్రటి లింగన్ పళ్ళ రసం వంచాడు. నీళ్ళు ఎవరు తోడి పారబోసినా వాళ్ళ బకెట్టు, చేతులు, చొక్కా ఎర్రబడాలన్నది పథకం. పంపు స్విచ్ వేశాడు.

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి పెరట్లోకి అడుగుపెట్టిన కెన్నెత్ కేక విని నాలుగు అంతస్తుల కిటికీలూ తెరుచుకున్నాయి. పద్నాలుగో నంబరు స్థలంలో, తెల్లటి మంచు మధ్య, బండి కింది నుంచి చెత్తడబ్బాల దాకా ఎర్రటి మడుగు గడ్డకట్టి మెరుస్తోంది.

జనం చేరారు. దుప్పిని గుద్ది ఉంటాడని ఒకరన్నారు. బండి వారం నుంచి కదలలేదని ఇంకొకరు గుర్తుచేశారు. అప్పుడు ఎవరో తలెత్తి రెండో అంతస్తు చూశారు. బిర్గిట్టా కిటికీలో దీపం లేదు. తెర వేసి ఉంది.

"నిన్న కూడా వెలగలేదు," అన్నాడు కెన్నెత్ మెల్లగా. "ఆవిడ దీపం వెలగని రోజు నేను చూడలేదు."

అందరి చూపూ నోటీసు బోర్డు వైపు, అక్కడి నుంచి ఎర్ర మంచు వైపు, చివరికి రోలాండ్ వైపు తిరిగింది. పదమూడో నంబరు కారు ఆయన తన కుక్కను దగ్గరకు లాక్కున్నాడు.

"రసం అది!" అన్నాడు రోలాండ్. "లింగన్ రసం! నేనే పోశాను!"

"ఎక్కడ పోశారు?"

"నీళ్ళ తొట్టిలో."

"తాగే నీళ్ళ తొట్టిలో రసమా? ఎందుకండీ?"

"దొంగను పట్టుకోవడానికి."

"ఏ దొంగను?"

రోలాండ్ కిటికీ వైపు చెయ్యి చూపించాడు. ఆ క్షణాన అంతకంటే తప్పు దిక్కు ఇంకొకటి లేదు. కెన్నెత్ ఫోను తీసి పోలీసులకు చెప్పాడు. గునిల్లా మెట్ల మీద కాఫీ లేని కప్పుతో నిలబడి, పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు భర్తను చూసింది.

గంటన్నరకు వచ్చిన పోలీసావిడ మంచు పలక అంచున గొంతుక్కూర్చుని, చేతి తొడుగు తీసి, గోటితో గీకి వాసన చూసింది. ఆ తరవాత అందరూ చూస్తుండగా నాలిక మీద పెట్టుకుంది.

"లింగనే," అంది. "చక్కెర తక్కువైంది. సరే, ఆవిడెక్కడ?"

సరిగ్గా అప్పుడే బస్సు దిగిన బిర్గిట్టా, చక్రాల సంచి లాక్కుంటూ పెరట్లోకి వచ్చింది. హార్నోసాండ్‌లో చెల్లెలి పుట్టినరోజుకు వెళ్ళి వస్తోంది. గుంపును చూసింది, పోలీసు బండిని చూసింది, ఎర్ర మంచును చూసింది, తల అడ్డంగా ఊపింది.

"వాల్వు ఇంకా మూయలేదా నాయనా? రెండు చీటీలు రాశానే! బొమ్మ కూడా గీశాను."

గునిల్లా దిగివచ్చి, ఏమీ అడగకుండా భర్త జేబులో చెయ్యి పెట్టి రెండు చీటీలూ లాగి, పైకే చదివింది. "ప్రియమైన పొరుగువారికి. మీ సీటు కింద, నీళ్ళ హీటరు పక్కన, చిన్న వాల్వు ఉంటుంది. చలి మూడు డిగ్రీలకు దిగితే, హీటరు పగలకుండా అది తెరుచుకుని నీళ్ళన్నీ వదిలేస్తుంది. మీ టైమరు రెండు గంటలే నడుస్తోంది కాబట్టి రాత్రి బండి చల్లబడింది. వాల్వును చేత్తో మూస్తే తప్ప మూసుకోదు. పంపు వేసి ఉంచితే ఎన్ని నీళ్ళు పోసినా పోతాయి." రెండో చీటీలో అదే సంగతి ఇంకా పెద్ద అక్షరాలతో ఉంది. పక్కన బాణం గుర్తుతో వాల్వు బొమ్మ ఉంది.

"అంటే, నువ్వు మెట్లెక్కుతుండగానే నీళ్ళు నీ వెనక దిగిపోతున్నాయి," అంది గునిల్లా.

"మరి ఆవిడ కిటికీలోంచి అస్తమానం నన్నే..." అన్నాడు రోలాండ్.

"నిన్ను కాదయ్యా, బండిని," అంది బిర్గిట్టా. "మా ఆయనా నేనూ పదిహేడు శీతకాలాలు ఉత్తరానికి ఇలాంటి దాన్లోనే తిరిగాం. ఆయన పోయాక అమ్మేశాను. రోజూ చూస్తే అదో తృప్తి."

రోలాండ్‌కు సిగ్గుతో ముఖం ఆ ఎర్ర మంచు రంగులోకి వచ్చింది. క్షమాపణ చెప్పడానికి రెండు చేతులూ చాచి గబగబా ఆవిడ వైపు నడిచాడు. ఇసుక పదమూడో నంబరులో ఉంది. అతను పద్నాలుగులో ఉన్నాడు.

మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు, బండి నడపకూడదు అన్నారు డాక్టరు. సాయంత్రం వంటింట్లో గునిల్లా అతని కోటు బొత్తాలు విప్పుతుంటే, రోలాండ్ చివరికి నోరు విప్పాడు.

"ఆ బండి సంత కోసం కొనలేదు. తొమ్మిదేళ్ళు నువ్వు లేని ఫిబ్రవరి చూశాను. నువ్వు పక్కన కూర్చోవాలని కొన్నాను."

గునిల్లా చివరి బొత్తం విప్పి అతని ముఖంలోకి చూసింది. కళ్ళు చెమర్చాయి. "పిచ్చివాడా, ఈ ముక్క నవంబరులో చెబితే కాఫీ షరతే పెట్టేదాన్ని కాదుగా. యోక్‌మోక్‌కి వెళ్తున్నాను."

రోలాండ్ ముఖం వెలిగింది. "మరి బండి? నువ్వు నడుపుతావా?"

"ఆ గాజు రోడ్డు మీద నేనా? బిర్గిట్టా గారు నడుపుతారు. మధ్యాహ్నం వాల్వు మూసి, టైమరు తీసేసి, బండిలో కాఫీ కూడా పెట్టిచ్చారు. ఎంత బాగుందనుకున్నావ్!"

"మరి నేను?"

"సీట్లు రెండే కదా."

"వచ్చే ఏడు వెళ్దాం. ఇద్దరం."

"నువ్వు పదకొండేళ్ళు ఆగావు, చూశాంగా ఏమైందో. నేనాగను. నీ పేరు లిల్లెమోర్‌కి ఇచ్చేశాను, టికెట్టు మార్చేసింది. అక్కడి వెచ్చదనానికి ఎముక త్వరగా అతుక్కుంటుందట."

అలా ఫిబ్రవరి మొదటి శుక్రవారం రోలాండ్ ఇరవై ఆరు డిగ్రీల ఎండలో, గడ్డి గొడుగు కింద, కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని, వదినగారు చెప్పే పాత ఆపరేషన్ల కథలు వింటుండగా ఫోను మోగింది. యోక్‌మోక్ నుంచి ఫోటో. వెనక సంత, గుడారాలు, రెయిన్‌డీర్ల గుంపు. బండి తలుపు ముందు మంచులో చిన్న బల్ల, కుర్చీలు వేసుకుని గునిల్లా, బిర్గిట్టా చెంపలు ఎర్రబడేలా నవ్వుతున్నారు. "కుళాయి అద్భుతంగా పనిచేస్తోంది, నువ్వు కొన్న బండి బంగారం" అని కింద రాసి ఉంది.

రోలాండ్‌కు నిజంగానే సంతోషం వేసింది. ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి ఆమె ముఖం చూశాడు, తరవాత చిన్న బల్ల చూశాడు, మళ్ళీ ఒకసారి బల్ల చూశాడు. కనుబొమ్మ మెల్లగా లేచింది.

మనుషులు ఇద్దరు, కాఫీ కప్పులు మూడు.