‘యంత్రం ఆపడం’ మాయం

“ఈ ఆఫీసులో ఏ నేరం జరిగినా చివరికి దాని పిలక నా చేతికి చిక్కాల్సిందే. అది దాని ఖర్మ,” అని ప్రకటించి భూతద్దం ఠీవిగా వెనక్కి వాలాడు. కుర్చీ అంతకంటే ఠీవిగా వాలింది. కిందపడ్డవాడు, ఆధారాల కోసమే దిగినట్టు బల్ల కిందికి ఓ చూపు చూసి లేచాడు.

భూతద్దం అసలు పని కోడ్ రాయడం. డిటెక్టివ్‌గిరీ మాత్రం ఎవరూ అడక్కుండా నెత్తికెత్తుకున్నది. చొక్కా జేబులో నిజం భూతద్దం వేసుకు తిరుగుతాడు కనక ఆ పేరొచ్చింది. ఇంతవరకూ ఛేదించిన కేసు ఒకే ఒక్కటి, తన కళ్లజోడు పోయినప్పటిది. అది నెత్తిమీదే ఉందని చెప్పింది కూడా పక్కవాళ్లే.

ఈసారి కేసు సొంత ఇంటి మీదికే వచ్చింది. అతని వదిన అదే ఆఫీసులో కొత్తగా చేరింది. పిండి కలిపే పెద్ద యంత్రాలను నడిపే సాఫ్ట్‌వేర్‌కి వాడకం పుస్తకం రాయడం ఆవిడ పని. ఆవిడ రాసిన ఫైలుని మరిది కోడ్ శీర్షికల వారీగా విడగొట్టి, ఎవరు ఏ విభాగం అడిగితే దాన్ని వెతికి తెర మీద పెడుతుంది. ఆ పొద్దున ‘యంత్రం ఆపడం’ అడిగితే కోడ్ చెప్పిన జవాబు: ఫలితాలు సున్నా.

“ఫైల్లో ఉందిగా సార్, చూడండి,” అంది వదిన.

“నాకు కనిపిస్తే ఏం లాభమమ్మా? పిండిలో చెయ్యి ఇరుక్కున్నవాడు ఫైలు తెరిచి చదువుతాడా?” అన్నాడు మేనేజర్. “మిగతా విభాగాలన్నీ దొరుకుతున్నాయి, ఇదొక్కటే దొరకట్లేదు. తేడా నీ రాతలోనే ఉంది. సాయంత్రంలోగా తేలకపోతే నీ ఉద్యోగం ఖాయం చేసే మాట మర్చిపో.”

ఆయన వెళ్లాక భూతద్దం వదిన మొహం చూశాడు. ఈ ఉద్యోగం కోసం ఆవిడ ఎంత తిరిగిందో ఇంట్లో అందరికంటే అతనికే బాగా తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

“నా కోడ్ అబద్ధం చెప్పదు వదినా.”

“అంటే నేను చెప్తున్నానా?”

“నువ్వూ చెప్పట్లేదు. మీ ఇద్దరి మధ్యా ఓ మూడో మనిషి ఉన్నాడు. అసలు విభాగాన్ని మాయం చేసి, అచ్చం అలాగే ఉండే నకిలీని పెట్టాడు. కరడుగట్టిన నేరస్థుడు.”

“నీ కోడ్‌నే ఓసారి చూసుకోరాదూ?”

“ఇంటివాళ్లని అనుమానించడం నా పద్ధతి కాదు,” అని అతను నేరుగా టెస్టర్ దగ్గరికి నడిచాడు. అందరి కోడ్‌లోనూ తప్పులు పట్టే మనిషి కనక ఆయనకి శత్రువులు ఎక్కువ, ఆయన మీద అనుమానాలూ ఎక్కువే.

“నిన్న సాయంత్రం ఎక్కడున్నావు?”

“నీ పక్క కుర్చీలో.”

“ఏం చేస్తున్నావు?”

“నీ కోడ్ ఎందుకు పనిచెయ్యట్లేదో చూస్తున్నా.”

ఈ జవాబులో ఏదో మర్మం ఉందనిపించింది గాని, అదేమిటో భూతద్దానికి అంతుపట్టలేదు. చేసేది లేక తిరిగొచ్చి, వదిన కంప్యూటర్ ముందు వంగి, ఆ శీర్షికను అద్దంలోంచి పరీక్షించసాగాడు. అద్దంలోంచి చూస్తే అక్షరాలు పెద్దగా కనబడ్డాయి. అంతకుమించి ఒరిగిందేమీ లేదు. ఆ వంగడంలో మోచెయ్యి మౌస్ చక్రం మీద పడి, తెర మీద ఆ శీర్షిక ఫాంటు, అంటే అక్షరాల తీరు, గిర్రున మారిపోయి, పెళ్లిశుభలేఖల మీద ఇంగ్లీషుకి వాడే వంకరటింకర ఫాంటు దగ్గర ఆగింది.

“అయ్యయ్యో, ఏం చేశావు?” అంటూ వదిన ముందుకొచ్చి, అక్కడే ఆగిపోయింది.

అది ఇంగ్లీషు ఫాంటు కనక తెలుగు అక్షరాలేవీ చెక్కు చెదరలేదు. ‘యంత్రం ఆపడం’లో సున్నాలు మూడూ మాత్రం తోకలు పెట్టుకుని పక్కకి ఒరిగాయి.

“ఇవి సున్నాలు కావు,” అంది వదిన మెల్లిగా. “ఇంగ్లీషు ‘ఓ’లు.”

“చెప్పానా నకిలీ అని. ఎవడా దుర్మార్గుడు?”

“మొన్న ఈ శీర్షిక ముందు నీ కోడ్‌కి కావాల్సిన గుర్తు పెట్టలేదని, నన్ను కుర్చీలోంచి లేపి మరీ మళ్లీ టైపు చేసిందెవరు మరిదిగారూ? తెలుగు సున్నా మీట ఎక్కడుందో తెలీక, ‘గుండ్రంగా ఉంటే చాల్లే వదినా’ అన్నదెవరు?”

భూతద్దం చేతిలోని అద్దాన్ని మెల్లిగా జేబులో పెట్టేసుకున్నాడు.

వదిన మూడు సున్నాలూ సరిచేసి వెతికింది. విభాగం టక్కున ప్రత్యక్షమైంది. అంతలో మేనేజర్ రానే వచ్చాడు. తెర చూసి తలూపి, “తప్పెవరిది?” అన్నాడు.

వదిన మరిది వైపు చూసింది. నలుగురి ముందూ వేలెత్తి దోషిని చూపించే క్షణం కోసం భూతద్దం బతుకంతా కాచుకున్నాడు. వేలైతే లేచింది. ఒక్క క్షణం టెస్టర్ వైపు ఊగి, సిగ్గుపడి, వెనక్కి తిరిగి సొంత ఛాతీ మీద ఆగింది.

“నాదే సార్. వదిన రాతలో తప్పేం లేదు.”

మేనేజర్ వదినకి ఉద్యోగం ఖాయమన్నాడు. మరిది ఇకమీదట ఏ శీర్షిక ముట్టుకున్నా ముందు వదినకి చూపించాలన్నాడు.

సాయంత్రం బస్‌స్టాపులో చాలాసేపు నసిగి, “వదినా, అన్నయ్యకి ఏం చెప్తావు?” అన్నాడు భూతద్దం.

“కేసు పట్టింది నువ్వేనని చెప్తాలే.”

“మరి దోషి సంగతి?”

“వాణ్నీ నువ్వే పట్టించావుగా,” అంది వదిన.