నాలుగు జీబీల కోటలో నలభై మూడు తలలు

శామీర్‌పేట చెరువు గాలి కరీంనగర్ రోడ్డు దుమ్ముతో మల్లయుద్ధానికి దిగి ఓడిపోయే వేళ, రేపటి బోనాల కోసం వీధివీధీ సున్నపు వాసన వేస్తున్న శ్రావణ శనివారాన, సూర్యభగవానుడు పదకొండు గంటల గడప దాటిన సుముహూర్తాన, ఒకానొక ఫ్లెక్సీల దుకాణపు మూలన, చెయ్యి విరిగిన కుర్చీయే సింహాసనంగా, అరిగిన మౌసే ఆయుధంగా కొలువుదీరిన చిత్రకళాధురంధర, శిరశ్ఛేదవిశారద స్రవంతి కథ చెప్పెద, చెవియొగ్గుడు. శిరశ్ఛేదమంటే జడుసుకోకండి. ఫొటోల్లోంచి తలలు కత్తిరించి ఫ్లెక్సీకి అతికించడం ఆమె వృత్తి.

ఆనాటి రణరంగం యువజన సంఘం వారి బోనాల ఫ్లెక్సీ. అందులో నలభై మూడు తలలు. ఎవరి తల ఎంత పెద్దది, ఎవరి పక్కన ఎవరు అనేది సామాన్య విషయమా? పద్నాలుగు ఫోన్లు, రెండు అలకలు, ఒక రాజీనామా బెదిరింపు దాటాక గానీ సంధి కుదరలేదు. ఆ సంధిలో స్రవంతి తానుగా వాదించి గెలిచింది ఒక్కటే: కుడివైపు కింది మూలన బాలమల్లు తల. తొమ్మిదేళ్లుగా సంఘం ఫ్లెక్సీలకు కర్రలు పాతి తాళ్లు కట్టిన బాలమల్లు, ఒక్కసారైనా వాటి మీద కనిపించలేదు. సేవ్ చేద్దామని వేలు చాచిన ప్రతిసారీ మరో ఫోన్ మోగింది కనుక, ఆ సంధి ఇంకా కంప్యూటర్ మెమరీలోనే గాలిలో దీపంలా ఉంది. పన్నెండింటికల్లా ఫైలు మేడ్చల్‌లోని ప్రింటింగ్ మిషన్‌కు చేరాలి.

సంధి కుదిరిన సంతోషంలో స్రవంతి చాయ్‌కి వెళ్లింది. మహావీరుల తప్పులన్నీ ఇలాగే చిన్నగా మొదలవుతాయి. ఆమె లేని అరగంటలో దుకాణాధీశుడు ధర్మేందర్, అదే కంప్యూటర్లోంచి ఒక పెండ్లి వీడియోను, అప్పగింతలతో సహా అరవై జీబీలను, పెండ్లివారు తెచ్చిన హార్డ్‌డిస్క్‌లోకి కాపీ పెట్టాడు.

తిరిగొచ్చి మౌస్ కదిపితే బాణం కదలలేదు. తెర పాలిపోయింది. దాని నడుమ నీలి చక్రం తిరగసాగింది. ఏ రాక్షసుణ్ణీ చంపని, ఏ పనీ చేయని చక్రం. కంప్యూటర్ డబ్బాలో డిస్క్ గరగరమని ఘోషించింది. నలభై మూడు తలలూ అదృశ్యమయ్యాయి.

"పరేషాన్ గాకు. బటన్ ఒత్తి బంద్ జేసి మళ్ల చాలూ జేద్దాం," అంటూ ధర్మేందర్ చూపుడువేలిని బ్రహ్మాస్త్రంలా సంధించాడు.

అంతట స్రవంతి చున్నీ నడుముకు బిగించి, డబ్బాకు అడ్డంగా నిలిచి, ట్యూబ్‌లైటు అదిరేలా ఇట్లు గర్జించెను:

"ధర్మేందరన్నా! గా బటన్ మీద నీ ఏలు వడ్డదో, పొద్దుగాల సంది నేను జేసిన కష్టమంత బూడిదల వోసినట్టే! నీ పెండ్లి వీడియో కోసం నా ఫ్లెక్సీ సావదు!"

"నా వీడియో ఏం జేసిందే? దాని పని అది జేస్కుంటాంది."

"గదే ఇను! గీ కంప్యూటర్ల మెమరీ నాలుగు జీబీలే. సదివిన ఫైలునల్లా, మళ్ల అడుగుతరేమోనని మెమరీల దాసుకునుడు దీనికి అలవాటు. నీ అప్పగింతల ఏడ్పులు ఒక్కసారి సదివి అవతల రాస్తె అయిపాయె, మళ్లెవ్వరడుగుతరు? గాని దీనికేమెరుక! జాగ సాలలే. నేను చాయ్‌కి వోయిన, నా తలకాయల్ని అరగంట ఎవ్వరు ముట్టలే. ఇయ్యి ఉత్తగున్నయని వాటిని డిస్కు మీదికి తోలి, పెండ్లోళ్లను కూసోవెట్టింది. ఇప్పుడు పిలిస్తె ఒక్కొక్కటే వాపస్ రావాలె. గా డిస్కు మీదనే నీ వీడియో గూడ ఉరుకుతాంది!"

నిజానికి ఆ ఆపరేటింగ్ సిస్టమ్ దుర్మార్గురాలేమీ కాదు. ఈమధ్య పిలిచినవాళ్లను దగ్గర ఉంచుకుంటుంది, పిలవనివాళ్లను దూరం పెడుతుంది. సంఘం తొమ్మిదేళ్లుగా బాలమల్లుతో చేసింది కూడా అదే.

ఆ బాలమల్లే, తాళ్ల చుట్ట భుజాన వేసుకుని, ఫ్లెక్సీ ఎప్పుడొస్తుందో కనుక్కుందామని వచ్చి అప్పటికే గడపలో నిలబడి ఉన్నాడు.

"ఇడువు బిడ్డా," అన్నాడు మెల్లగా. "మళ్ల జేసేటప్పుడు నా బొమ్మ ఇడిసిపెట్టు. జల్దీ అయితది."

స్రవంతి ధర్మేందర్ వైపు చూసింది. ధర్మేందర్ బయట కారులో ఎదురుచూస్తున్న పెండ్లివారి వైపు, ఆ తరువాత బాలమల్లు వైపు చూశాడు. వీడియో అసలు ప్రతి ఎలాగూ దుకాణం డిస్కులో భద్రం. పోయేది సగం కాపీయే. నిట్టూర్చి, వంగి, పెండ్లివారి హార్డ్‌డిస్క్ వైరును తన చేత్తోనే ఊడబెరికాడు.

డిస్క్ ఘోష తగ్గింది. సమయం పదకొండూ నలభై ఏడు. మొదట సంఘాధ్యక్షుని దంతకాంతులు, వెనకే ఉపాధ్యక్షుని నల్లకళ్లద్దాలు, ఆ తరువాత కార్యదర్శి మీసాలు, ఒక్కొక్కటిగా వనవాసం ముగించుకుని తెర మీదికి రాసాగాయి. స్రవంతి మౌస్ ముట్టలేదు. ఈ యుద్ధంలో ముట్టకపోవడమే పరాక్రమం. నలభై రెండు వచ్చాయి. కుడివైపు కింది మూల తెల్లగానే ఉంది.

చివరికి ఆధార్ కార్డులోంచి కత్తిరించిన బాలమల్లు ముఖం, ఎవరో తిట్టినట్టు చూస్తూ, మూలన వెలిసింది.

"గాడున్నది నేనేనా?" అన్నాడు బాలమల్లు.

స్రవంతి రెండు వేళ్లతో సేవ్ కొట్టింది. పచ్చగీత పాకింది, ఆగింది, మళ్లీ పాకి అంచు తాకింది. దిక్కులారా, వినుడు! దుందుభులు మోగనిండు! శామీర్‌పేటలో ఒక ఫైలు సేవ్ అయింది!

ఫైలును మేడ్చల్‌కు పంపి స్రవంతి మళ్లీ చాయ్‌కి బయల్దేరింది. ఈసారి ఆ హార్డ్‌డిస్క్ వైరును విజయమాలగా మెడలో వేసుకుని మరీ వెళ్లింది. గడప దగ్గర బాలమల్లు ఆపాడు.

"బిడ్డా, రేపు నా బొమ్మున్న మూలకు తాడు నేనే కట్టాల్నా?"

"నువ్వే కట్టాలె కాకా," అంది స్రవంతి. "జర గట్టిగ కట్టు."