మంత్రిగారు కొనని ఇల్లు

“నా మనసు కీడు శంకిస్తోందిరా. నీ డ్రైవరు ఉద్యోగం ఎవరో తన్నుకుపోతారు, చూస్తూండు” అంది తల్లి, కొడుకు చొక్కాకి గుండీ కుడుతూ.

“ఇంకా ఏమీ జరగలేదు కదే అమ్మా!”

“జరిగాక భయపడితే ఏం లాభం?”

కొడుకు మంత్రిగారి కారు నడుపుతాడు. మంత్రిగారు ఆ పొద్దున్నే టీవీలో మహత్తరమైన ప్రకటన చేశారు. “పరాయి దేశంలో ఇల్లు కొనేవాడు కన్నతల్లికి అన్నం పెట్టనివాడితో సమానం! సాయంత్రం నాలుగింటికి మా ఇంటిముందు నాతోపాటు వేలమంది ప్రమాణం చేస్తారు. పరాయి నేల గజం కూడా ముట్టుకోం!” వింటూ ఆవిడ కళ్లొత్తుకుంది. ఇంత నిజాయితీపరుణ్ణి లోకం బతకనిస్తుందా అని ఆవిడ బెంగ.

మధ్యాహ్నం మంత్రిగారి కబురు. కొడుకు కారు ఎవరికో గుద్దాడనుకుని ఏడుస్తూ ఆయనింటికి వెళ్లింది.

“అమ్మా, విదేశంలో సముద్రం ఎదురుగా మీ పేరున ఓ ఇల్లు కొంటున్నాను” అన్నారు మంత్రిగారు.

“నాకెందుకు బాబూ?”

“మీకు కాదమ్మా. మీ పేరుకి.”

“మరి పొద్దున తమరు…”

“మాట తప్పే మనిషినా నేను? నేను కొనడం లేదుగా!”

ఎంత నిష్ఠ! అయినా ఆవిడ అడక్క మానలేదు. “పోలీసులొస్తే?”

“రారు.”

“ఈలోగా నేను పోతే?”

“పోరు.”

“మావాడి ఉద్యోగం?”

“మీరు సరేనంటే ఉంటుంది. తల్లులున్న డ్రైవర్లు బోలెడుమందమ్మా!”

ఆ దేశంలో ఒక పద్ధతుంది. పై దేశంవాళ్లు ఇల్లు కొంటే రిజిస్ట్రేషన్ ఆఫీసరు వీడియోలో వాళ్లని పలకరించి, నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. కొనేవాళ్ల గదిలో రెండోమనిషి కనబడకూడదు. మంత్రిగారు ఆ చట్టాన్ని గౌరవించి టేబుల్ కింద కూర్చున్నారు. ఆవిడ తడబడితే కుర్చీ కోడు మీద తట్టాలని ఏర్పాటు.

మూడున్నరకి ఆఫీసరు తెరమీదకొచ్చాడు. పక్కన తెలుగు చెప్పే మనిషి.

“ఇల్లు మీదేనా?”

“నాదే నాయనా. మెట్లెన్ని?”

“పద్నాలుగు.”

“పట్టుకోడానికి కడ్డీ ఉందా? నావి మోకాళ్ల నొప్పులు. వంటింటి కిటికీకి గడియ పడుతుందా? వానకి పైకప్పు కారుతుందా?”

ఆఫీసరు మురిసిపోయాడు. “పోయినవారం ఒకావిడకి తను కొనే ఇంటికి గదులెన్నో తెలీదు. అసలైన కొనుగోలుదారంటే మీరు!”

కుర్చీ కోడు టకటకలాడింది. ఇక చాలని. కానీ ఆవిడకి బెంగ ఒకసారి మొదలైతే ఆగదు.

“సముద్రం అంత దగ్గరట. ఎప్పుడైనా ఇంట్లోకొచ్చిందా?”

“ఒక్కసారే. పోయినేడు. కిటికీల దాకా.”

“ఏమిటీ?” మంత్రిగారి తల టేబుల్‌కి ఠంగున కొట్టుకుంది. తల రుద్దుకుంటూ పైకి లేచారు. “ఆ బ్రోకరు నాకీ మాట చెప్పలేదే!”

ఆఫీసరు కలం ఆగింది. “ఎవరండీ మీరు? ఈ ఇంటికీ మీకూ సంబంధమేమిటి? ఇదంతా రికార్డవుతోంది.”

నాలుగైంది. కిటికీ బయట మైకు అరుస్తోంది. “పరాయి నేల ముట్టుకోని మహానుభావుడు మరో నిమిషంలో మీ ముందుకు! అందరూ చేతులు చాచండి!”

మంత్రిగారిని పిలుద్దామని కొడుకు తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో కారు తాళాలు. మంత్రిగారు తెరని చూశారు, కిటికీని చూశారు, తాళాలని చూశారు.

వెళ్లి కొడుకు చేతిలోంచి వాటిని లాక్కున్నారు. తెరముందుకొచ్చి, రెండు చేతులూ జోడించారు.

“అమ్మగారి డ్రైవర్నండీ.”