జిగురంటని పేరుచీటీలు

మా పట్టణ పేరుచీటీ ప్రియుల సంఘం ఈ ఏడాది కూడా తన ఆశయాన్ని నూటికి నూరుపాళ్లూ నెరవేర్చుకుందని కార్యదర్శి హోదాలో ప్రకటించడానికి సంతోషిస్తున్నాను. మా సభ్యులెవరూ ఒక్క పేరుచీటీని కూడా ఏ పుస్తకంలోనూ అంటించలేదు.

ఇది ఫలానావారి పుస్తకం అని తెలియడానికి అట్ట లోపలివైపు అంటించుకునే బొమ్మచీటీలుగానే ఇవి మా తాతల కాలంలో పుట్టాయన్న మాట నిజమే. మనిషి ఎదగాలి కదా. ఇప్పుడు మేము వీటిని రాగిరేకు మీద చెక్కించి, ఖరీదైన కాగితం మీద అచ్చు వేయించి, ఒకరితో ఒకరం మార్చుకుని ఆల్బముల్లో దాచుకుంటాం. జిగురు తగిలిన చీటీని మాలో ఎవరూ ముట్టరు. మా నియమావళిలో శత్రువుల వరసలో జిగురును చెదపురుగు కన్నా ముందు పెట్టాం.

మా అధ్యక్షులు, దంతవైద్యులు బొహుస్లావ్ హలౌజ్కాగారి చీటీ చూసి తీరవలసినది. త్రికోణంలో కన్ను, తన తోకను తానే మింగుతున్న పాము, ఇసుక గడియారం, చంద్రవంకలు, ఇన్ని గూఢార్థాల మధ్య చలికి ఓర్చుకుని నిలబడిన ఒక నగ్నసుందరి. అడుగున ‘హలౌజ్కా గ్రంథాలయం’ అని ఉంటుంది. ఆల్బములకు చోటు చాలక ఆ గ్రంథాలయాన్ని ఆయన కిందటేడే తూకానికి అమ్మేశారు. అంకితభావం అంటే అదీ.

ఇక బ్లజేనా షుస్త్రోవాగారి సంగతి. చాలాకాలం మందుల షాపు నడిపి మానుకున్న మనిషి. ఇంటినిండా పుస్తకాలున్నాయి, వాటిని చదివే పాత అలవాటూ ఉంది. అంతకన్నా పాడు అలవాటు, అడిగినవాళ్లకల్లా ఎరువివ్వడం. వెళ్లిన పుస్తకం తిరిగొచ్చిన పాపాన పోయేది కాదు. అల్మరాలు బోసిపోతూ వచ్చాయి. పేరు కనబడితేనన్నా సిగ్గుపడి తెచ్చిస్తారని, పై అంతస్తులో ఉండే ఒతీలియే అనే చెక్కుడు కళాకారిణి చేత ఒక చీటీ చేయించుకున్నారు. ఆ పిల్ల ఊరుకోక దాన్ని మా వార్షిక పోటీకి పంపింది.

బొమ్మలో ఒక గుండ్రటి ముద్ద, దాని చుట్టూ ఒక దారం, దారం కొసలు పట్టుకున్న రెండు చేతులు. అంతే.

బీరుకొట్టు వెనకగదిలో సమావేశమైన మేము నోళ్లు వెళ్లబెట్టాం. అధ్యక్షులవారు మీసాల మీది నురగ తుడుచుకుని లేచారు.

"మిత్రులారా! సృష్టికి ముందున్న అండం ఇది! కాలమనే దారం దాన్ని ఖండిస్తోంది! ఆ చేతులున్నాయే, అవి సాక్షాత్తూ విధి చేతులు! మన పట్టణంలో ఇంతటి లోతు ఇంతవరకూ రాలేదు!"

ఏకగ్రీవంగా మొదటి బహుమతి ఇచ్చాం. చప్పట్లు కొట్టిన చేతులతోనే బాతు వేపుడూ, పుల్లటి క్యాబేజీ కూరా, వాటితో క్నెడ్లీక్ ముక్కలూ తిన్నాం. ఉడికించిన ఆ పిండిముద్దను మా ఇళ్లలో కత్తితో కోయరు, అణిగిపోతుంది. దారం చుట్టి, కొసలు లాగి కోస్తారు. ప్రతి ఆదివారం కళ్లముందు జరిగేదే అయినా ఆ పోలిక మాలో ఎవరికీ తట్టలేదు. తట్టేవాళ్లను మా సంఘంలో చేర్చుకోం.

బహుమతికి వచ్చిన బ్లజేనాగారే ఆ మాట బయటపెట్టారు. "అండమూ లేదు, గిండమూ లేదండీ. అది క్నెడ్లీక్. పదిమందికీ తలో ముక్కా పంచినట్టు పుస్తకమూ పంచాలని వేయించా."

"అమ్మా, ఎవరి లోతు వారికి తెలియదు," అన్నారు అధ్యక్షులు దయగా. "ముందు అచ్చులు తియ్యండి, మార్చుకుందాం."

"ఇంకెక్కడివి? అన్నీ అంటించేశానుగా."

"దేనికి?"

"పుస్తకాలకి."

"దేంతో?"

"జిగురుతో."

వెనక బల్ల దగ్గర ఎవరి చేతిలోదో గ్లాసు జారి పగిలింది. అచ్చులు పూర్తయ్యాక రాగిరేకును గీకి చెరిపేయడం మా ఆనవాయితీ. ఒతీలియే ఆ పని అప్పటికే కానిచ్చేసింది. ఇక ఆ చీటీ కావాలంటే ఆమె పుస్తకాల్లోంచి ఊడబీకాల్సిందే, జిగురు నియమం సంగతి తరవాత చూసుకోవచ్చు.

మర్నాటి నుంచి మా పట్టణంలో పఠనాసక్తి వెల్లువెత్తింది. అందరికన్నా ముందు అధ్యక్షులవారు ఒక బండనవల ఎరువు తీసుకెళ్లి, ఎన్నడూ లేనిది, తెల్లారేసరికి తిరిగి తెచ్చారు. పాత ముద్రణ, అంచులు కోసుకుంటే తప్ప చదవడానికి వీల్లేని జంటపేజీలు. అవి కోయకుండా అలాగే ఉన్నాయి. ఆవిరికి అట్ట మాత్రం ఉబ్బింది. చీటీ లేదు.

"పన్ను పీకినట్టు పీకేశారే డాక్టరుగారూ! నొప్పి తెలియకుండా మందన్నా వేశారా?"

"చదువుదామనే అనుకున్నానమ్మా, తీరిక చిక్కలేదు."

"ఆవిరి పట్టడానికి చిక్కిందేం?"

వెటకారమాడుతూనే ఆమె ఉబ్బిన అట్టను అరచేత్తో నొక్కి చదును చేయబోయారు. "చదివొచ్చి నాకు కథ చెప్పినవాళ్లకి చీటీ నేనే ఒలిచిస్తాను. వసంతం వచ్చేలోగా ఒక్కరన్నా రాకపోతే అన్నీ చిత్తుకాగితాల బండికెత్తేస్తా. నా పుస్తకాలకి ఈ బతుకు వద్దు," అన్నారు.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. చదవడం సభ్యుల హోదాకు తగని పని కనుక, అందరి తరఫునా ఆ కష్టం కార్యదర్శి పడవలెనని తీర్మానించింది. కార్యదర్శిని నేనే.

పడవ నడిపేవాడొకడు భార్య మీద అలిగి నది దాటి వెళ్లిపోయే నవల దొరికింది నాకు. మొదట్లో సంఘం కోసమే చదివాను. తరవాత పొయ్యి మీద బంగాళదుంపలు మాడాయి, దిగవలసిన చోట బస్సు దిగలేదు. పూర్తిచేసి బ్లజేనాగారికి కథంతా చెప్పాను.

"అంతా బాగుంది గానీ, వాడు చివర్లో తిరిగి రాకుండా ఉండాల్సిందండీ," అన్నాను.

"బాగా చెప్పొచ్చారు! రాకపోతే ఆవిడ గతేం కాను?"

"అలిగినవాడు అంత తేలిగ్గా వస్తాడా?"

"మీరు పెళ్లి చేసుకోలేదు, మీకేం తెలుసు!"

చాలాసేపు పోట్లాడుకున్నాం. ఆమె దారంతో క్నెడ్లీక్ కోసి పెడుతూ కూడా ఆ పడవవాడిని వెనకేసుకొచ్చారు. రెండో భాగం చంకనబెట్టుకుని బయల్దేరి, బస్సెక్కాక గుర్తొచ్చింది, చీటీ అడగనే లేదని. వెనక్కి వెళ్లాలనిపించలేదు. అది ఉండవలసిన చోటే ఉంది.

వసంతం వచ్చింది. చిత్తుకాగితాల బండి ఆమె గుమ్మం దగ్గర ఆగలేదు. ఆమె గదిలో రెండో కుర్చీ వెలిసింది. చీటీ తేకపోగా, పుస్తకాన్ని కావాలని చివరిదాకా చదివిన నేరానికి సంఘం నన్ను బహిష్కరించింది కనుక, కార్యదర్శిగా ఇదే నా ఆఖరి నివేదిక.

ఖాళీ అయిన ఈ పదవికి దరఖాస్తులు ఆహ్వానిస్తున్నాం. ఇంతదాకా వరసగా చదువుకుంటూ వచ్చినవారు అనర్హులని తెలియజేయడానికి చింతిస్తున్నాను. శీర్షిక చూసి తిన్నగా ఈ వాక్యానికి దూకినవారిని మాత్రం అధ్యక్షులవారు రెండు చేతులా ఆహ్వానిస్తున్నారు.