సున్నా దగ్గర ఆగిన నొప్పి

"నల్లజాతి కేన్సర్ రోగుల బాధను ఇకమీదట వాళ్ల నోటి నుంచే వింటాం!" అని అమెరికాలోని మెంఫిస్‌లో ఒక పెద్దాసుపత్రి నాలుగంతస్తుల పొడవున బ్యానర్ కట్టింది. అంతకుముందు ఎవరి నోటి నుంచి విన్నదో అందులో రాయలేదు.

వినడానికి ఒక ట్యాబ్ కొన్నారు. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు. నర్సు అడుగుతుంది, రోగి చెబుతుంది, నర్సు నొక్కుతుంది.

వెర్లీన్ ముప్ఫయ్యేళ్లుగా జడలల్లి బతికిన మనిషి. కీమో మొదలయ్యాక వేళ్లు మొద్దుబారాయి, లోపల నిప్పులు పోసినట్టు మంట. మందు మార్చకపోతే ఆ వేళ్లు ఇక జన్మలో జడ అల్లవు. ఆ మాటే డాక్టర్ ప్రూయిట్‌కు చెప్పింది. ఆయన ట్యాబ్ మీంచి తల ఎత్తలేదు.

"ఇక్కడ సున్నా అని ఉందమ్మా. నేను రోగి మాటే వింటాను. మీ మాట ఇదిగో."

సున్నా ఎలా వచ్చిందంటే, ప్రతి సోమవారం చర్చి వ్యానులో తమ చర్చికొచ్చే కేన్సర్ ఆడవాళ్లందరినీ పాస్టరు భార్యే దగ్గరుండి తీసుకొస్తుంది. వాళ్లందరి ముందు నర్సు అడుగుతుంది: "ఎలా ఉన్నారు వెర్లీన్ గారూ?" ఆ ప్రశ్నకు వాళ్ల చర్చిలో ఒకటే జవాబు. కాలు విరిగినా అదే జవాబు.

"ప్రభువు దయవల్ల హాయిగా ఉన్నా."

నర్సు సున్నా నొక్కుతుంది.

అదే వ్యానులో వచ్చి పక్కన కూర్చున్న ఒజెల్లా మోచేత్తో పొడిచింది. "ఏమే, పొద్దున కాఫీ కప్పు జారవిడిచావు. హాయా?"

"నువ్వు మాత్రం? వ్యానులో సంచి నిండా వాంతి చేసుకుని నువ్వూ హాయన్నావుగా."

"పాస్టరమ్మగారు పక్కనే కూర్చుందే! దేవుడి మీద చాడీ చెప్పినట్టుండదూ?"

ఆరు నెలలకు ఆసుపత్రి సభ పెట్టింది. డైరెక్టర్ హాల్వర్సన్ మైకు పట్టుకుని, నల్లజాతి రోగుల సగటు నొప్పి సున్నా దగ్గరికి వచ్చేసిందని ప్రకటించాడు. ఆదర్శ రోగిగా వెర్లీన్‌ను వేదికెక్కించి గాజు జ్ఞాపిక చేతుల్లో పెట్టాడు.

అది జారి భళ్లుమంది.

"సంతోషం పట్టలేక చేతులు వణికాయి పాపం," అన్నాడు హాల్వర్సన్ మైకులో.

వెర్లీన్ మైకు తనవైపు లాక్కుంది. "సంతోషం కాదయ్యా. ఈ వేళ్లకి స్పర్శ లేదు. ఆరు నెలలుగా నేను చెప్పింది అబద్ధం. నాది తొమ్మిది."

మూడో వరుసలో ఒజెల్లా లేచింది, చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు లేచినట్టే. "నాది ఎనిమిది." ఆమె వెనక ఇంకొకామె. "నాది పది. పైన అంకె లేదు కాబట్టి పది." చివరికి పాస్టరు భార్య టోపీ సర్దుకుని లేచింది. "నాకూ పోయినేడు ఆపరేషనైంది. ఎవరికీ చెప్పలేదు. ఆరు."

పై సోమవారానికి బ్యానర్ లేదు, ట్యాబూ లేదు. గోడ మీద నోటీసు మాత్రం ఉంది: "రోగుల మాట వినడం మొదలయ్యాక నొప్పి విపరీతంగా పెరిగినందున, రోగుల క్షేమం దృష్ట్యా వినడం నిలిపివేయడమైనది."

డాక్టర్ ప్రూయిట్‌కు చూసుకోవడానికి ట్యాబ్ లేకపోయింది. గదిలో మిగిలింది వెర్లీన్ ఒక్కతే. వేరే దారి లేక ఆమె చేతులు పట్టుకుని చూశాడు. నల్లబడ్డ గోళ్లు, సూదితో గుచ్చినా కదలని వేళ్లు. చీటీ తీసి మందు మార్చాడు.

"ఇంతకాలం చెప్పలేదేమమ్మా?" అన్నాడు.