పట్టుగుడ్డలో జ్వరం నివేదిక

“జ్వరాల వేళ పరిశోధన ఫలితం ప్రజలకు తక్షణం, ఉచితంగా, ఓపెన్‌గా అందాలి. నిమిషం ఆలస్యమైనా సహించను!” అని మంత్రి మార్కండేయగారు కదిరిలో గర్జించారు. ఆ సభకు షామియానా వేసింది నేనే. నాకు ఒళ్లు పులకరించింది.

అప్పటికే మా ఊళ్లో ఇంటికొకరు జ్వరంతో మంచమెక్కారు. కారణమేమిటో మా ఊరి ఆస్పత్రి డాక్టర్ పద్మప్రియ కనిపెట్టి పైకి నివేదిక కూడా పంపింది. అంత గొప్ప నివేదికను ఊరికే చెప్పేస్తే ఏం మర్యాద? మంత్రిగారే ఆవిష్కరించాలి. అంతదాకా నోరు విప్పొద్దని ఆమెకు ఆర్డరొచ్చింది.

మా వీధి కదిరమ్మకు ఈ మర్యాదలు తెలియవు. కూతురు సునంద ఒళ్లు కాలిపోతుంటే ఆస్పత్రి గుమ్మం పట్టుకు వేలాడింది.

“యాడనుంచి వస్తాండాదమ్మా ఈ జ్వరం? ఏం తినాల, ఏం మానాల?”

“రిలీజ్ కానీ అమ్మా, చెప్తాను” అంది డాక్టర్, తల దించుకుని.

మంత్రిగారి పీఏ వేణుగోపాల్ మాత్రం ఊరికే కూర్చోలేదు. నివేదికకు చుట్టడానికి ధర్మవరం పట్టుగుడ్డ తెప్పించాడు. చూస్తే అది ప్రతిపక్షం రంగు! మళ్లీ నేయించారు. అంతలో అమావాస్య అడ్డొచ్చింది. ఇంకో వీధి మంచమెక్కింది. తక్షణం అన్న మాటకు కట్టుబడి, అమావాస్య వెళ్లిన మర్నాడే మా ఊరి వాటర్ ట్యాంకు పక్కన సభ పెట్టారు.

ఎండకు మజ్జిగ పంచారు. నేనూ తాగాను. మంత్రిగారు ఒక గ్లాసు ఖాళీ చేసి రెండోది అందుకున్నారు. పట్టుగుడ్డ విప్పి, నివేదికను గుండెలకు హత్తుకుని ఫొటోలు దిగారు. మళ్లీ చుట్టబోతుంటే కదిరమ్మ వేదిక ముందుకొచ్చింది. సునందకు తాగించడానికి ట్యాంకు దగ్గర పట్టుకున్న బిందె చంకలోనే ఉంది.

“ఏమప్పా, దాంట్లో ఏముండాదో సదువు. నా బిడ్డ సస్తాండాది!”

కెమెరాలు తిరిగాయి. మంత్రిగారు చిరునవ్వుతో మొదటి పేజీ తెరిచి, మనసులోనే చదువుకున్నారు. నవ్వు పోయింది. గ్లాసు మెల్లగా కింద పెట్టారు.

“ఏమప్పా వేణూ, ఈ మజ్జిగలోకి నీళ్లు యాడివి?”

“ఈ ట్యాంకువే సార్! లోకల్!” అన్నాడు పీఏ గర్వంగా.

సునంద కోసం ఎన్నిసార్లు ఫోన్ చేసినా రాని అంబులెన్సు క్షణంలో వేదిక దాకా వచ్చి మంత్రిగారిని ఎక్కించుకుంది. నివేదిక కూడా ఆయనతోనే బెంగళూరు వెళ్లింది. అక్కడి డాక్టర్లకు వెంటనే అందాలి కదా.

కదిరమ్మకు చదువు రాదు. మంత్రిగారు వదిలేసిన గ్లాసును చూసింది. ట్యాంకును చూసింది. డాక్టరమ్మను చూసింది. ఆర్డర్ ప్రకారం ఆమె నోరు విప్పలేదు, తల మాత్రం ఊపింది.

కదిరమ్మ బిందె నేలమీద కుమ్మరించింది. వెనక బిందెలతో ఉన్న ఆడవాళ్లూ కుమ్మరించారు. వాన మొహం చూడని మా ఊళ్లో ఆ సాయంత్రం నా షామియానా గుంజలు బురదలోంచి పీక్కోవాల్సొచ్చింది.