ఆగిన పిల్లకు సున్నా

ఒక పెద్ద అడవిలో వేసవి ముదిరితే ఒక్క మడుగే మిగిలేది. వాగులు ఎండి, చెలమలు ఇంకిపోయాక పులికైనా పిట్టకైనా అదే దిక్కు. ఆ మడుగులో ఒక మొసలి ఉండేది. అదీ భగవంతుడు పుట్టించిన జీవే. దానికీ ఆకలేస్తుంది. కాదనడానికి లేదు.

అందుకని ఆ అడవి బడిలో ఎన్ని పాఠాలు చెప్పినా పరీక్ష మాత్రం ఒకటే పెట్టేవారు. నీళ్లు ఎలా తాగాలి? అది నెగ్గిన పిల్ల మెడలో పచ్చ తీగ కట్టేవారు. తీగ ఉన్న పిల్ల ఎప్పుడు దాహమేస్తే అప్పుడు మడుగుకు వెళ్లొచ్చు. లేని పిల్ల, మేతకు పోయిన తల్లి పొద్దుగూకి తిరిగొచ్చేదాకా ఎండిన నాలుకతో కూర్చోవలసిందే.

పరీక్ష పెట్టేది తాయారమ్మ పంతులమ్మ. ముసలి దుప్పి. రోజుకొక పిల్లను వెంటబెట్టుకుని మడుగు గట్టుకు తీసుకెళ్లేది.

"మూడు ఊపిరులు తియ్యి తల్లీ. మొదటిది గాలికి. ఏం వాసన మోసుకొస్తోందో చూడు. రెండోది నీటికి. నిన్న లేనిదేదైనా ఇవాళ తేలుతోందేమో చూడు. మూడోది, మీ వాళ్లలో ఇక్కడికొచ్చి తిరిగిరాని వాళ్లకి. పేరు తలుచుకో. ఆ తర్వాత మూతి వంచు."

ఎవరి వాళ్లెవరో తాయారమ్మకు నోటికి వచ్చు. "మీ మేనత్త చంద్రి, అదుగో ఆ తుంగ దగ్గర. మీ తాత గురిగింజయ్య, ఈ నల్లరాతి పక్కన. బంగారంలాంటి మనిషి, కాస్త తొందరెక్కువ" అని ఎవరి వంశం వాళ్లకు విప్పి చెప్పేది. బళ్లో నలభై మంది పిల్లలు. పరీక్ష నలభై రోజులు పట్టేది.

హెడ్మాస్టరు భల్లూకరావు గారికి ఇదే పెద్ద తలనొప్పి. ఎలుగుబంటి అన్నమాటే గానీ మనసు మెత్తన. పిల్లలంటే ఇష్టం, తేనె అంటే ఇంకా ఇష్టం. పైనుంచి కబురొచ్చిందంటే మాత్రం ఒళ్లంతా చెమటలు. ఆ ఏడు సింహంగారి కచేరీ నుంచి కబురు వచ్చింది. వారం వారం ఫలితాలు పంపాలట.

"ఇలా రోజుకొకరైతే నేనేం పంపను తాయారమ్మగారూ? 'పిల్లలు ఊపిరి తీస్తున్నారు' అని రాయమంటారా?"

"రాయండి బాబూ. బతికున్నారని తెలుస్తుందిగా."

సరిగ్గా ఆ సమయానికే పొరుగడవి నుంచి ఒక గోరింక వచ్చి వాలింది. కళ్ల చుట్టూ ఆ పసుపు చూస్తే కళ్లద్దాలు పెట్టుకుందేమో అనిపిస్తుంది. అందుకే ఏం చెప్పినా చదువుకుని చెబుతున్నట్టే ఉంటుంది.

"క్విజ్ అండీ! మనుషుల బడుల్లో ఆన్‌లైన్ క్విజ్ అంటారు. మనకు సాలెపురుగులు నేసిపెడతాయి. పిల్ల ముందు నాలుగు ఆకులు. ఒక్కో ఆకుకి ఒక్కో దారం. ప్రశ్న నేను అడుగుతాను. సరైన ఆకు తొక్కితే దారం అదిరి నడిమధ్యనున్న సాలెపురుగుకు తెలిసిపోతుంది. నలభై మందికీ ఒకేసారి!"

భల్లూకరావు గారు ఊరికే ఒప్పుకోలేదు. సంఘం వేశారు. మిణుగురుల క్విజ్ కూడా చూశారు. సరైన జవాబుకు వెలుగుతాయన్నారు గానీ పగటిపూట ఏం వెలిగిందో ఎవరికీ కనబడలేదు. చిలకల క్విజ్ చూశారు. అవి ప్రశ్నతోపాటు జవాబు కూడా చెప్పేస్తున్నాయి. సంఘంలో కొందరికి అదే నచ్చింది.

తాయారమ్మ ఒక్క మాట అడిగింది. "పిల్ల నీళ్లు తాగడం ఈ దారాలు చూస్తాయా నాయనా?"

"చూడవండీ. కానీ ర్యాంకు చెబుతాయి. ఎంత తొందరగా తొక్కితే అన్ని ఎక్కువ మార్కులు."

"ర్యాంకు చెబుతాయా!" భల్లూకరావు గారు లేచి నిలబడ్డారు. "మరి ఇంకేం కావాలి?"

మర్నాడే క్విజ్ పెట్టారు. గోరింక కొమ్మ మీదినుంచి గొంతు సవరించుకుంది. "నీళ్లు తాగే ముందు ఏం చేయాలి? ఈత కొట్టాలంటే మోదుగాకు. పాట పాడాలంటే తునికాకు. ఆగి వాసన చూడాలంటే టేకాకు. ఏమీ చేయక్కర్లేదంటే..."

ఆ నాలుగోది అననే లేదు, జువ్వ టేకాకు తొక్కేశాడు. జువ్వ కుందేలు పిల్ల. వాళ్లమ్మ పొదలోంచి అందరికీ వినబడేలా అంది, "మా వాడు ప్రశ్న వినడండీ. నేరుగా జవాబే!"

గోరింక ఐదు అంకెలు లెక్కపెట్టేలోగా ముప్పైతొమ్మిది ఆకులు అదిరాయి. నలభయ్యోది అదరలేదు. అది దుప్పి పిల్ల సీతాలుది.

తాయారమ్మ దాని పక్కన చేరింది. "ఏమ్మా, జవాబు తెలీదా?"

"తెలుసండీ. ఆగాలి."

"మరి తొక్కలేదేం?"

"ఆగాను కదండీ. మూడో ఊపిరి తీసేసరికి అయిపోయిందన్నారు."

తాయారమ్మకు నవ్వొచ్చింది. కానీ సీతాలుకు సున్నా. సున్నా అంటే తీగ లేదు. తీగ లేకపోతే ఆ మండుటెండల్లో పొద్దుగూకేదాకా నీటి చుక్క లేదు.

హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి బతిమాలింది. ఆయన ఫలితాల ఆకు చూపించి నిట్టూర్చారు. "నలభైకి ముప్పైతొమ్మిదండీ! ఈ ఒక్క పిల్ల లేకపోతే నూటికి నూరు. దీన్ని పక్క అడవి బళ్లో చేర్పించేద్దామా?"

"దాహంతో ఉన్న పిల్ల బాబూ."

"నా చేతుల్లో ఏముందండీ? అంతా దారాల చేతుల్లో ఉంది."

రోజూ పొద్దున గోరింక ఆ ర్యాంకులే మళ్లీ మళ్లీ చదివేది. "మొదటి ర్యాంకు, జువ్వ! రెప్పపాటులో జవాబు!" దాని గొంతు మడుగు దాకా వినబడేది. మడుగులో మొసలి కళ్లు మాత్రం పైకి పెట్టి శ్రద్ధగా వినేది. అడవిలో ఆ ఫలితాలు ఒక్కటీ వదలకుండా విన్నది అదొక్కటే.

వారం తిరిగాక తీగలు కట్టారు. ఆ రోజు మిట్టమధ్యాహ్నం, తీగలున్నవాళ్లంతా మడుగుకు పరుగు తీశారు. వెనకాల తాయారమ్మ, సీతాలు. తాగడానికి కాదు. "చూడటానికి తీగ అక్కర్లేదులే, రా" అంది తాయారమ్మ.

సీతాలు గట్టున ఆగింది. మొదటి ఊపిరికి నీచు వాసన తగిలింది. రెండో ఊపిరికి నల్లరాతి పక్కన దుంగ కనబడింది. నిన్న అక్కడ దుంగ లేదు. మూడో ఊపిరికి తాత గురిగింజయ్య గుర్తొచ్చాడు.

కాలు నేలకేసి కొట్టింది. అరిచింది. "ఆగండి! ఆగండర్రా!" పరుగులో ఉన్నవాళ్లకు ఎవరి అరుపు ఎక్కుతుంది?

ఏం చేయాలో తోచక, సీతాలు అచ్చం గోరింకలా గొంతు పెట్టి అరిచింది. "నీళ్లు తాగే ముందు ఏం చేయాలి?"

"ఆగి వాసన చూడాలి!" అన్నాడు జువ్వ రెప్పపాటులో. అంటూనే నీళ్లలో మూతి పెట్టాడు.

మిగతా ముప్పైఎనిమిది మందీ మాత్రం ఠక్కున నిలబడిపోయారు. ప్రశ్న వినబడిందిగా, కాళ్ల కింద టేకాకు వెతుక్కుంటున్నారు.

"నా ఆకేది?"

"ఒరే, నా దారం నువ్వు తొక్కావా?"

దుంగ నోరు తెరిచింది. జువ్వ ఎగిరిన ఎగురుకు ఆ పేరు సార్థకమైంది. ప్రాణం దక్కింది. తోక మీది తెల్ల కుచ్చు దక్కలేదు.

సాయంత్రానికి నివేదిక తయారైంది. "క్విజ్ వల్లనే ముప్పైఎనిమిది మంది పిల్లలు సకాలంలో ఆగిరి." గోరింక సంతకం పెట్టింది. సీతాలు మార్కు మార్చడానికి నియమాలు ఒప్పుకోలేదు.

అయితే మర్నాడు తీగలున్న పిల్లలెవరూ మడుగు వైపు అడుగు వేయలేదు. తాయారమ్మ అంది, "సీతాలు ముందు నడుస్తుంది. దాని వెనక రండి."

"తీగ లేని పిల్ల ముందా! తీగలున్నవాళ్లు వెనకా!" భల్లూకరావు గారు అభ్యంతరం చెప్పబోయారు. ఆయనకూ దాహంగానే ఉంది. మాట మింగి వరసలో చివర నిలబడ్డారు.

సీతాలు మూడు ఊపిరులు తీసి, మూతి వంచి కడుపునిండా తాగింది. ఒక్కొక్కరే తాగారు. జువ్వ అయితే నాలుగు ఊపిరులు తీశాడు. నాలుగోది కుచ్చు కోసమట.

ఆఖరికి హెడ్మాస్టరు వంతు వచ్చింది. రెండు ఊపిరులు తీసి ఆగిపోయారు. "తాయారమ్మగారూ, మూడోది... నాకెవరున్నారని తలుచుకోను?"

"మీ చిన్నాన్న బాబూ. జాంబయ్య. తేనె చేతులు కడుక్కోవడానికి దిగాడు, ఇక్కడే. మీరప్పుడు నడక కూడా రాని పసివారు."

"నాకు చిన్నాన్న ఉన్నాడా!" అన్నారాయన. చాలాసేపు మూతి వంచలేదు.

కచేరీకి వారం వారం ఫలితాలు పంపాలి గనుక క్విజ్ మాత్రం ఆగలేదు. ఆ వారం జువ్వకు సున్నా వచ్చింది. పై వారం పదిమందికి. మృగశిర వాన పడేనాటికి నలభై మందికీ సున్నాలే. ఐదు అంకెల్లో మూడు ఊపిరులు పట్టవు మరి. ఆ వేసవి ఆ బడి నుంచి ఒక్క పేరు కూడా మూడో ఊపిరికి చేరలేదు.

భల్లూకరావు గారు భయపడుతూనే సున్నాలన్నీ కచేరీకి పంపారు. కచేరీవాళ్లు వాటిని చదవనే లేదు. ఒక్క ఫిర్యాదు మాత్రం వాళ్లకు అందింది. ఈ బడిలో చదువు నాణ్యత బొత్తిగా పడిపోయిందనీ, మునుపటి పిల్లల చురుకు ఇప్పుడు కనబడడం లేదనీ, వెంటనే చర్య తీసుకోవాలనీ. కింద మొసలి వేలిముద్ర ఉంది.

ఇందులో నేర్చుకోవలసింది ఏదైనా ఉంటే ఇంతే: రెప్పపాటులో జవాబు చెప్పే పిల్లలంటే అందరికీ ముద్దే, మొసలికి మరీ ముద్దు.